తాఖీదుకు ప్రత్యుత్తరము

మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి. తక్కిన వ్యవహారములలో నది యెంతవరకు సత్యమో కాని, ఆదాయపు పన్ను వ్యవహారమున మౌనము పూర్ణాంగీకారమే యగుచున్నది. "ఫలాని సంవత్సరమునకు మీరు రిటర్ను దాఖలు చేయలేదు, కారణమేమి?" అని కచేరీనుండి ప్రశ్న వచ్చినపుడు పలుకకుండు గృహస్థు, తన యాదాయమును గూర్చి తాను చెప్పవలసిన మాటను పరుని నోట పెట్టుచున్నాడు.

పెండ్లి శుభలేఖకు మారుజాబు వ్రాయువారును, బంధువుల క్షేమసమాచారమునకు వెంటనే ప్రత్యుత్తర మిచ్చువారును, ఈ కాగితమును మాత్రము మడిచి బీరువా యడుగున నుంచుట మనము చదువుకొన్న కుటుంబములలో సైతము చూచుచున్నాము. దీనిని కేవలము సోమరితనమనుట న్యాయము కాదు. సర్కారు కాగితమనగనే మనవారికి గలుగు జంకు తరతరములనుండి వచ్చినది. ఆ భయమునకొక చరిత్ర గలదు. ఆ భయమునకు నేడు తావు తగ్గుటకును చరిత్ర గలదు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చూచితిమేని, అట్టి కాగితము వచ్చినపుడు చేయవలసిన పని యేదో మనకే తెలియగలదు.

మొదట భయము మాట. కుంపిణీవారి కాలమున చెన్నరాజధానిలోని రైతును "నీ కెంత పండినది?" అని యడిగి పన్ను వేసినవారు లేరు. జమాబందీలో నిర్ణయమైన శిస్తును చెల్లింపుమనుటయే కాని, చెప్పుకొనుటకు వానికి చోటు స్వల్పము. మగ్గములమీదను, అంగళ్లమీదను, చేతిపనులమీదను మొహతర్ఫా యను పన్ను వేరుగా నుండెను. బాకీ పడినవానిని హింసించుటయు గలదు. మనిషిని వంచి, మెడను కాళ్లకు జేర్చి కట్టి యెండలో నిలుపుట, వ్రేళ్లను కఱ్ఱల నడుమ నొక్కుట మొదలగు పద్ధతులు రెవెన్యూ వసూళ్లలో వాడుకలో నుండెనని ఎల్లియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురు విచారణకర్తలు 1855లో సమర్పించిన నివేదికలో నొప్పుకొనిరి. ఆ విచారణ జరుగుటకు పాటుపడినవారిలో ముఖ్యుడు మన తెలుగువాడే. చెన్నపట్టణపు వర్తకుడు గాజుల లక్ష్మీనరసుసెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషనును స్థాపించి, పార్లమెంటునకు విన్నపములంపి, 1853లో నిచటికి వచ్చిన పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమోరునకు జిల్లాలలోని రైతుల దుస్థితిని ప్రత్యక్షముగా జూపెను. జవాబు చెప్పు హక్కు లేనిచోట సయితము, సాహసముతో కాగితముమీద విన్నవించుకొన్నవాడు కొంత సాధింపగలడని యీ వృత్తాంతమే చాటుచున్నది.

ఇట్టి దేశమున 1860లో ప్రభుత్వము మొట్టమొదటి పర్యాయము ప్రజలను "మీ యాదాయమెంత?" అని యడిగినది. 1857 నాటి తిరుగుబాటు నణచుటలో బొక్కసము వట్టిపోయి, అప్పు పెరిగినది. దానిని చక్కదిద్దుటకై యింగ్లండునుండి జేమ్సు విల్సను అను నర్థశాస్త్రజ్ఞుడు వచ్చెను. ఎకానమిస్టు పత్రికను 1843లో స్థాపించినవాడితడే. 1860 ఫిబ్రవరి 18వ తేదీని ఆయన తన ఆదాయవ్యయ పత్రమును సమర్పించెను. ఆ సంవత్సరము జులై 24వ తేదీని ఆదాయపు పన్ను చట్టమునకు ఆమోదము లభించినది. సాలునకు 200 రూపాయలు మొదలు 500 రూపాయలలోపు ఆదాయము గలవారు నూటికి 2 రూపాయలును, ఆపైవారు నూటికి 4 రూపాయలును చెల్లింపవలయును. చట్టము వచ్చిన మూడు వారములలోపలనే, ఆగష్టు 11వ తేదీని, విల్సను కలకత్తాలో మరణించెను.

ఈ పన్నును నిరసించినవారిలో నగ్రగణ్యుడు మద్రాసు గవర్నరే యగుట విశేషము. సర్ చార్లెసు ట్రెవిలియను, క్రొత్తపన్నులు వేయుటకంటె సైన్యవ్యయమును తగ్గించుట మేలనియు, ఈ పన్ను ప్రజలలో నసంతృప్తిని రగుల్చుననియు వాదించి, తన యభిప్రాయపత్రమును పత్రికలలో ప్రకటించెను. పైప్రభుత్వము నిట్లు బహిరంగముగా నెదిరించినందుకు 1860లోనే యాయనను వెనుకకు పిలిపించిరి. అయినను కాలగతి విచిత్రమైనది. ఆయనయే 1863లో ఆర్థికసభ్యుడై మరల హిందూదేశమునకు వచ్చెను. అయిదేండ్ల కొఱకు జేయబడిన యా పన్ను 1865లో ఆయన కాలముననే ముగిసెను.

పన్ను భారమొకటి, ప్రశ్న భారము వేఱొకటి. అప్పటి వర్తకునకు రూపాయకంటె లెక్కపుస్తకము ప్రియమైనది. తన లాభము పదుగురికి దెలిసిన దొంగల భయము; నష్టము తెలిసిన పరపతి పోవును. కావున నితడు నిజము చెప్పుటకు జంకెను. అధికారి యితని మాట నమ్ముటకు జంకెను. ఆదాయపు పన్నుయొక్క తొలి చరిత్రయంతయు నీ పరస్పరావిశ్వాస చరిత్రయే. 1869లో నా పన్ను మరల వచ్చి, 1870లో హెచ్చింపబడి, 1873లో తొలగింపబడినది. 1878లో లైసెన్సు పన్ను వచ్చినది. చివరకు 1886వ సంవత్సరపు రెండవ చట్టముతో ఆదాయపు పన్ను స్థిరముగా నెలకొన్నది. అందు 500 రూపాయలకు లోపడిన యాదాయమునకు పన్ను లేదు. వ్యవసాయపుటాదాయమును పూర్తిగా మినహాయించిరి. భూమికి వేరుగా శిస్తుండుటయే దీనికి హేతువు.

ఈ మినహాయింపు తెలుగుజిల్లాల మనోవృత్తిపై చాల ప్రభావము చూపినదని నా తలంపు. కృష్ణా గోదావరీ మండలములలోని సంపన్న రైతుకుటుంబమునకు కరణముతోడను, తహశ్శీలుదారుతోడను పరిచయము గలదు కాని, ఆదాయపు పన్ను కచేరీతో పని లేకుండెను. కావున "మాది పొలముమీది రాబడి, మాకీ కాగితముతో పనియేమి?" అను మాట మన యిండ్లలో నాటుకొనిపోయినది. పన్ను లేకపోవుట వేఱు, ప్రశ్నకు జవాబీయనక్కఱ లేకపోవుట వేఱు. ఈ భేదమును గుర్తింపకపోవుటచేతనే నేటికిని పెక్కు కుటుంబములు చిక్కులపాలగుచున్నవి.

ఇక 1922వ సంవత్సరపు పదునొకండవ చట్టమునకు వత్తము. నోటీసు, రిటర్ను, జవాబు, మౌనము అను వీని ఫలితములను స్పష్టముగా నేర్పఱచినది ఈ చట్టమే. దాని 22వ సెక్షను ప్రకారము, పన్నుకు లోబడు నాదాయము గలదని తనకు తోచిన వ్యక్తికి ఇన్‌కంటాక్సు ఆఫీసరు నోటీసు పంపును. రిటర్ను దాఖలు చేయుటకు ముప్పదిదినములకు తక్కువకాని గడువీయవలెను. గడువు తప్పినవాడు సయితము, పన్ను నిర్ణయము కాకమునుపు రిటర్ను నంపుకొనవచ్చును. ఇంతవరకు చట్టము దయతోనే యున్నది. రిటర్ను పంపనివాని గతి 23వ సెక్షను నాలుగవ భాగమున గలదు. అట్టివాని యాదాయమును ఆఫీసరు తన బుద్ధికి తోచిన మేరకు నిర్ణయించును.

అంతమాత్రమే కాదు. ఆ 1922 చట్టములో నొక కఠోరమైన నియమముండెను. తక్కిన పన్ను నిర్ణయములపై నప్పీలు గలదు కాని, ఇట్లు మౌనముచే వచ్చిన నిర్ణయముపై నప్పీలు లేదు. జవాబు చెప్పనివాడు పిమ్మట ఫిర్యాదు చేయుటకును తగడని శాసనకర్తల భావము. అతనికి మిగిలిన ద్వారము 27వ సెక్షను ఒక్కటే. నోటీసు తనకు చేరలేదనియో, తగిన కారణముచే రిటర్ను పంపలేకపోతిననియో, అవకాశము చాలలేదనియో, డిమాండు నోటీసు అందిన నెలదినములలో నిరూపింపగలిగినచో పాత నిర్ణయమును రద్దుచేసి క్రొత్తగా విచారింతురు. వ్యాధియో, దూరప్రయాణమో, ఇంట మరణమో సంభవించినవానికి నిది గొప్ప యాదరువు. కాని యా యొక్క నెలయు మౌనముగా గడపినవానికి న్యాయస్థానముల తలుపు దాదాపు మూతపడినట్లే.

"బుద్ధికి తోచిన మేర" యనగా నేమి? అధికారి తనకు గిట్టనివానిపై లక్షరూపాయల యాదాయము మోపవచ్చునా? ఈ ప్రశ్న లండనులోని ప్రీవీ కౌన్సిలువరకు పోయినది. 1937లో లక్ష్మీనారాయణ బద్రీదాసు అను వర్తకుని వ్యాజ్యెమున వారు తీర్పు చెప్పిరి. అధికారి ద్వేషముతో గాని, కక్షతో గాని, ఇచ్చవచ్చినట్లు గాని నిర్ణయింపరాదు. స్థానిక పరిజ్ఞానమును, ఆ వ్యక్తి పూర్వ రిటర్నులను, అతని స్థితిగతులను బట్టి నిజాయితీగా నంచనా వేయవలయును. అట్టి యంచనాలో కొంత ఊహ యుండకతప్పదని కూడ వారొప్పుకొనిరి. ఈ తీర్పు రెండువైపుల పదునుగల కత్తి వంటిది. అధికారి స్వేచ్ఛకు కళ్లెము వేసినది. అయినను జవాబీయనివానిని గూర్చి ఊహించు హక్కు నతనికి స్థిరపఱచినది. ఊహ న్యాయమైనదే కావచ్చును. నిజము మాత్రము ఇంటియజమాని పెట్టెలోనే యుండిపోవును.

స్త్రీలకు ముఖ్యముగా సంబంధించిన ఘట్టమొకటి యీ కాలముననే జరిగినది. నోటీసు అందిన పిమ్మట, పన్ను నిర్ణయము కాకమునుపు మనిషి మరణించినచో నేమగును? ఎల్లిసు రీడు అనునతని వ్యాజ్యెమున 1930లో బొంబాయి హైకోర్టువారు, మృతునిపై పన్ను నిర్ణయించుటకు చట్టమున మార్గము లేదనిరి. ఆ లోపమును పూరించుటకై 1933లో 24-బి సెక్షనును చేర్చిరి. దానివలన మృతుని వారసులు ఆతని తరఫున జవాబు చెప్పవలసినవారైరి. అయితే వారి బాధ్యత మృతుడు విడిచిన యాస్తి మేరకే కాని, వారి సొంత సొమ్మునకు దాకదు. 1937లో మఱియొక సవరణము వచ్చినది. దానిచే కొన్ని సందర్భములలో భార్య పేరను, మైనరుబిడ్డల పేరను వచ్చు నాదాయమును భర్త యాదాయములో గలుపుట మొదలయ్యెను.

దీని యర్థమేమి? ఆదాయపు పన్ను కాగితము ఇక పురుషుల కచేరీ వ్యవహారము మాత్రమే కాదు. భర్త పోయిన పదిదినములలో తలుపు తట్టు నోటీసునకు జవాబీయవలసినది భార్య. ఆమెకు బ్యాంకి పుస్తకమెచ్చట నున్నదో తెలియదు, అద్దె యెంత వచ్చుచుండెనో తెలియదు, గతసంవత్సరపు రిటర్ను ప్రతి కనబడదు. వితంతువునకు విద్య వలయునని, ఆస్తి హక్కు వలయునని మనము వ్యాసములు వ్రాసితిమి. ఆ హక్కును నిలువబెట్టు లెక్కకాగితములు ఆమె చేతికీయని సంస్కారము సగము సంస్కారమే.

1939లో పన్ను చట్టమును విశేషముగా సవరించిరి. ఇందు రెండు మార్పులు గమనింపదగినవి. మొదటిది, మౌనముచే వచ్చిన నిర్ణయముపై నప్పీలు లేదను నియమము తొలగిపోయినది. రెండవది, ప్రతియేట పత్రికలలో సామాన్య ప్రకటన గావించి, పన్నుకు తగిన యాదాయము గలవారందఱు తమంత తామే రిటర్ను పంపవలయునని యేర్పఱచిరి. అంతవరకు నోటీసు రానివాడు నిశ్చింతగా నుండగలిగెడివాడు. 1939 పిమ్మట "నాకు నోటీసు రాలేదు" అనుట సమాధానము కాకపోయినది. హక్కు పెరిగిన చోటనే బాధ్యతయు పెరిగినది. 1941 జనవరి 25వ తేదీని అప్పీళ్లను వినుటకు ప్రత్యేక ట్రిబ్యునలు ఏర్పడినది. పన్ను వేసిన శాఖతో సంబంధములేని న్యాయపీఠము సామాన్యునకు దొరకినది. నిజాము రాజ్యములోని తెలుగువారికి ఈ చట్టము 1950 ఏప్రిల్ 1వ తేదీనుండి వర్తించెను.

1961లో క్రొత్త చట్టము వచ్చినది. 22వ సెక్షనులోని పిలుపు 142వ సెక్షనులోనికిని, బుద్ధికి తోచిన నిర్ణయము 144వ సెక్షనులోనికిని, మృతుని వారసుల బాధ్యత 159వ సెక్షనులోనికిని మాఱినవి. పాత 27వ సెక్షను వంటి రద్దు మార్గము 146వ సెక్షనుగా కొంతకాలముండి, 1989 ఏప్రిల్ 1వ తేదీనుండి తొలగిపోయినది. దానికి బదులు, నిర్ణయము చేయకమునుపే "మీ రేమి చెప్పుదురు?" అని యడుగవలయునను నియమము 144వ సెక్షనులో చేరినది. ఇందొక మెలిక గలదు. 142వ సెక్షను క్రింద రిటర్ను కోరుచు నోటీసు నిచ్చియున్న యెడల, ఆ రెండవ ప్రశ్న వేయనక్కఱలేదు. కావున మనము బీరువాలో దాచిన యా మొదటి కాగితమే కడపటి పిలుపు కావచ్చును. పూర్వము నిర్ణయము వచ్చిన పిమ్మట నెలదినముల వ్యవధి యుండెను. అటుపిమ్మట మాటాడవలసిన సమయము నిర్ణయమునకు ముందునకు జరిగినది.

పాత సంవత్సరముల లెక్కలు తిరుగదోడు నోటీసుల విషయమునను పౌరుని మాటకు విలువ హెచ్చినది. 2002లో జి.కె.ఎన్. డ్రైవ్‌షాఫ్ట్సు వారి వ్యాజ్యెమున సుప్రీముకోర్టు ఒక క్రమమును విధించినది. అట్టి నోటీసు వచ్చినవాడు మొదట రిటర్ను దాఖలు చేయవలయును. పిమ్మట కారణములను కోరవచ్చును. అధికారి వానిని తెలుపవలయును. పౌరుడాక్షేపించినచో నా యాక్షేపణమునకు సహేతుకమైన యుత్తరువు నీయవలయును. 2021లో 148-ఎ సెక్షను చేరి, సామాన్యముగా నట్టి నోటీసు నిచ్చుటకు ముందే కారణము తెలిపి సమాధానమడుగు పద్ధతి వచ్చినది. 2026 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలగునట్లు 2025లో నూతన చట్టము చేయబడినది. అయినను అంతకు పూర్వపు సంవత్సరముల వ్యవహారములకు 1961 చట్టమే యాధారము.

ఈ చరిత్రను తెలిసినవాడు నోటీసు చేతికి వచ్చినపుడు చేయవలసిన పని కష్టమైనది కాదు. మొదట నది నిజమైన కాగితమో కాదో చూడవలయును. 2019 అక్టోబరు 1వ తేదీనుండి ఆదాయపు పన్ను శాఖవారి లేఖలకు ప్రత్యేక సంఖ్య వేయు నియమము వచ్చినది. శాఖవారి వెబ్‌సైటులో నా సంఖ్యను సరిచూచుకొనవచ్చును. దొంగలేఖలతో సొమ్ము కాజేయువారున్న కాలమున నీ జాగ్రత్త యవశ్యము. రెండవది, ఏ సంవత్సరమును గూర్చి, ఏ సెక్షను క్రింద, ఏ తేదీలోపల జవాబు కోరిరో గుర్తింపవలయును. రిటర్ను అందలేదను సామాన్యపు జ్ఞాపికకును, 142వ సెక్షను నోటీసునకును భేదము గలదు.

పిదప జవాబు. రిటర్ను ముందే దాఖలు చేసియున్న యెడల దాని రసీదు సంఖ్యను తేదీని తెలుపవలయును. పన్నుకు తగిన యాదాయమే లేనివాడు ఆ మాటనే చెప్పవలయును. పొలము రాబడి బ్యాంకిలో వేసిన రైతు, పట్టాదారు పుస్తకమును, ధాన్యము విక్రయించిన చీటీలను జతపఱచి ఆ సొమ్ము వ్యవసాయమునుండి వచ్చినదని విన్నవింపవలయును. ఆదాయముండియు మఱచినవాడు, నోటీసు కోరిన రీతిని రిటర్ను దాఖలుచేసి పన్నును వడ్డీతోకూడ చెల్లింపవలయును. గడువు చాలనివాడు గడువు తీరకమునుపే కారణము తెలిపి గడువు కోరవలయును. చేసిన ప్రతి జవాబు యొక్క ప్రతిని, దాఖలైనట్టి గుర్తును భద్రపఱచుకొనవలయును. లెక్క చిక్కుగా నున్నచో ఆడిటరును గాని వకీలును గాని సంప్రతించుట మేలు. కాని వకీలున కప్పగించితిమను ధీమాతో తేదీని మఱచుట తగదు.

అబద్ధపు జవాబు మౌనముకంటె హీనము. దాచిన యాదాయము పిమ్మట బయటపడినచో జరిమానాయే కాక శిక్షయు గలుగవచ్చును. బుద్ధిపూర్వకముగా రిటర్ను పంపకుండుటయే 1961 చట్టము 276-సీసీ సెక్షను క్రింద నేరము. నోటీసు వచ్చిన తరువాత రిటర్ను పంపితిమి గదా యని పూర్వపు లోపము తనంత మాసిపోదని 2014లో సుప్రీముకోర్టు చెప్పియున్నది. నిజమును సకాలమున చెప్పుటయొక్కటే సురక్షితమైన మార్గము.

ఇచ్చట నొక యాక్షేపణము రావచ్చును. పన్నులను ధిక్కరించి కీర్తిగాంచిన జాతికి, సర్కారు కాగితమునకు వినయముగా జవాబు వ్రాయుమని బోధించుట దాస్యబుద్ధి కాదా? చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు మునిసిపాలిటీ పన్నుల నెదిరింపలేదా? 1921-22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున రైతులు శిస్తు నిరాకరింపలేదా?

నిజమే. కాని వారు చేసినది మౌనము కాదు. మేము చెల్లింపము, మా కారణమిది, దీని ఫలితమును మేమనుభవింతుము అని వారు బహిరంగముగా జెప్పిరి. జప్తులకు, నిర్బంధములకు సిద్ధపడి చెప్పిరి. అదియు నొక ప్రత్యుత్తరమే. ప్రత్యుత్తరములలో మిక్కిలి ఖరీదైనది. కాగితమును దాచి, తెలియనట్లు నటించి, అధికారి మఱచునేమో యని వేచియుండు గృహస్థునకును ఆ రైతులకును పోలిక లేదు. వారు మాటకు కట్టుబడిరి. ఇతడు మాటకు భయపడుచున్నాడు. పన్ను అన్యాయమని తోచినవాడు సయితము ఆ మాటను అప్పీలులో వ్రాయవలయును గాని, పెట్టె యడుగున దాచరాదు.

లోపము ప్రజలది మాత్రమే యనుట నా యభిప్రాయము కాదు. నోటీసుల భాష సామాన్యులకు నేటికిని సుబోధము కాదు. చదువురాని వృద్ధునకు, కంప్యూటరెఱుగని వితంతువునకు, తెరమీద మాత్రమే కనబడు నోటీసు కనబడనిదానితో సమానము. 1922 చట్టము "తగిన కారణము" అను మాటకు తావిచ్చినది. యంత్రముల ద్వారమున పని జరుగు కాలమున నా మాట వినబడునట్లు చేయుట ప్రభుత్వమువారి విధి. ప్రశ్న తెలుగులో నడుగబడునంతవరకు జవాబు సంపూర్ణముగా రాదు. ఈ సంస్కరణమునకై మన పత్రికలును, మన శాసనసభ్యులును గట్టిగా నడుగవలసియున్నది.

అంతవరకు మన యింట చేసికొనగల సంస్కరణము మన చేతిలోనే యున్నది. ఇంటిలోని రాబడులు, బ్యాంకి లెక్కలు, గతసంవత్సరముల రిటర్ను ప్రతులు ఒక్కచోట నుండవలయును. ఆ చోటు భార్యాభర్తలిద్దఱికిని, ఎదిగిన కొమార్తెకును కొమారునకును తెలియవలయును. వచ్చిన నోటీసును ఎవరు చూచినను నాడే విప్పి చదివి తేదీ గుర్తించు నలవాటు కుటుంబమున నేర్పడవలయును. గాజుల లక్ష్మీనరసుసెట్టి కాలమున రైతును అడిగినవాడు లేడు. చెప్పుకొనవలెనన్న సముద్రము దాటి విన్నపమంపవలసి వచ్చినది. ఒక శతాబ్దమునకు పైబడిన వాదములచేతను, తీర్పులచేతను, సవరణములచేతను, పన్ను వేయుటకు ముందు మనలనడుగవలయునను ధర్మము స్థిరపడినది. ఆ యడుగు కాగితమే నోటీసు. దానికి జవాబీయకుండుట, మన పెద్దలు పోరాడి సంపాదించిన హక్కును చేజేతుల విడిచిపెట్టుటయే యగును.